శనివారం సూదికి సెలవు

మా ఎదురింటి అవ్వ పోయిన రోజు జమ్మికుంటలో చాలామంది నన్ను ఓదార్చారు. వాళ్ళింటికి పోయి, కూర్చోవాల్సినంత సేపు కూర్చుని, తిరిగి వస్తూ నా గేటు ముందర ఆగి, "సార్, ఇగ మీకు పొద్దెట్ల పోతది?" అని అడిగారు. మార్కెట్ యార్డులో పత్తికి కాంటా పెట్టే ఆయన నా చేయి పట్టుకుని మరీ నిట్టూర్చాడు. పోయిన మనిషి నాకు చుట్టం కాదు. స్నేహితురాలు అంతకన్నా కాదు. ఇరవై ఏండ్లకు పైగా ఎదురెదురుగా ఉండి ఒక్క విషయంలోనూ నాతో ఏకీభవించని మనిషి. మా తగువు ఆ వీధికి సాయంత్రం కాలక్షేపం కనుక, వాళ్ళు తమ నష్టాన్నే నా నష్టమనుకుని ఓదార్చి ఉంటారని సరిపెట్టుకున్నాను.

జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పడానికి నేను ఆ ఊరికి వచ్చాను. సాయంత్రాలు సభలు పెట్టి దేవుడు లేడని చెప్పడం నేను సొంతంగా పెట్టుకున్న పని. వచ్చిన కొత్తలో సభ పోస్టరు ఒకటి ఆమె ప్రహరీ గోడ మీద అంటించాను. చింపేస్తుందనుకున్నాను. చింపలేదు. అరుగు మీదికి పిలిపించింది. పొడుగ్గా, సన్నగా, దారం కట్టిన కళ్ళద్దాలతో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"లేడని చెప్పేటోనివి నువ్వేనా?"

"నేనే అవ్వా."

"చూసినవా?"

"ఏం చూసుడు?"

"లేనిది."

లేనిదాన్ని చూడటం కుదరదనీ, ఉన్నదని చెప్పేవాళ్ళే రుజువు చూపాలనీ నేను ఉదాహరణలతో సహా వివరించాను. ఆమె మధ్యలో ఒక్కమాటా అడ్డం వేయకుండా మొత్తం విన్నది. తర్వాత లోపలికి తిరిగి చాయ్ పెట్టమని కేకేసి, "అయితే నువ్వు గూడ చూడలే" అని తేల్చేసింది. ఆ రోజునుంచి ఆ వీధిలో నా పేరు లేడు సారు. కూరగాయలమ్మే ఆమె కూడా అట్లాగే పిలిచేది.

"చూసినవా" అన్నది అవ్వ చేతిలో గీటురాయి. ఎవరు ఏ వార్త మోసుకొచ్చినా దాని మీద ఒకసారి గీయకుండా లోపలికి తీసుకునేది కాదు. ఫలానా ఊళ్ళో విగ్రహం కన్నీళ్ళు పెట్టిందట అంటే, చూసినవా అని అడిగేది. ఫలానా కోడలు అత్తను కొట్టిందట అంటే అదే మాట. పేపరు బిగ్గరగా చదివి, మంత్రి చెప్పిన వాక్యం దగ్గర ఆగి, కళ్ళద్దాల మీదుగా మా ఇంటివైపు చూసి, "ఈన చూసిండంటనా?" అని అడిగేది. నేను అచ్చువేసిన చిన్న పుస్తకం ఒకటి ఇస్తే మొదటి పేజీనుంచి చివరిదాకా చదివి తిరిగి ఇచ్చింది. మంచిగనే రాసినవ్, కానీ నేను చూసిన అని ఒక్కకాడ గూడ రాయలే అన్నది. సభల్లో ఎందరో పండితులు నన్ను తిట్టారు. ఇంత పనికొచ్చే విమర్శ ఎవరూ చేయలేదు.

బాబాలంటే ఆమెకు నాకంటే ఎక్కువ మంట. జోస్యం చెప్పేవాళ్ళను గేటు దాటనిచ్చేది కాదు. ఒక్క మాటలో, రెండు సంగతులు మినహాయిస్తే ఆమె పరమ హేతువాది. ఆ రెండు సంగతులు నెయ్యి, శనివారం.

ఆ ఇంట్లో అన్నం ఎవరైనా పెట్టవచ్చు, కూర ఎవరైనా వేయవచ్చు. నెయ్యి మాత్రం ఆమె చేతినుంచే పడాలి. గరిటెను జానెడు ఎత్తున పట్టుకుని, ధార తెగకుండా పోసేది. తినేవాడు చాలని చేయి అడ్డం పెడితే ఆ చేతి మీదనే పోసేది. నా చేతి మీదా పోసింది. చాలు అనడం ఆ ఇంట్లో దాదాపు బూతుమాట. ఇక శనివారం ఒక్కపొద్దు. పెండ్లి కాకముందునుంచీ ఉంటున్నదట. జ్వరమొచ్చినా, కాన్పయినా, కొడుకు పెండ్లి అయినా శనివారం ఆమె అన్నం ముట్టలేదు.

ఆమె కొడుకు విత్తనాల దుకాణం నడిపేవాడు. కోడలు సరిత. వాళ్ళకు ఒక్కతే బిడ్డ, అక్షిత. ఆ పిల్లకు తొమ్మిదేండ్లప్పుడు చిక్కిపోవడం మొదలైంది. కుండెడు నీళ్ళు తాగేది, మాటిమాటికీ బాత్‌రూముకు పోయేది. ఎండ దెబ్బ అన్నారు, నులిపురుగులు అన్నారు. బడిలో పడిపోయిన రోజు కరీంనగర్‌కు తీసుకుపోతే షుగరన్నారు. పెద్దవాళ్ళకు వచ్చే షుగరు కాదు, పిల్లలకు వచ్చేది. కడుపులో ఇన్సులిన్ తయారుకావడం ఆగిపోయింది. దాన్ని బయటినుంచి సూదితో ఇవ్వాలి, రోజూ, బతికినన్నాళ్ళూ. పిల్ల స్పృహ లేకుండా లోపల ఉన్నన్ని రోజులూ అవ్వ ఆ దవాఖాన వరండాలో నేల మీదనే కూర్చున్నది. అక్కడే మొక్కుకున్నది. పిల్ల లేచి కూర్చుంటే పెండ్లయ్యేదాక శనివారం ఒక్కపొద్దు ఉంటదని.

ఇల్లు చేరాక ఆమే నాకు చెప్పింది. పిల్లతో ఉపవాసాలేందని నేను లేచాను. "బతుకు దానిది. మొక్కు గూడ దానిదే" అన్నది.

మా దిక్కు ఒక్కపొద్దు సంగతి తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. ఒక్కపొద్దు నాడు అన్నం తినకూడదు. అంతే. పాలు తాగవచ్చు, అరటిపండ్లు తినవచ్చు, రాత్రికి గోధుమరవ్వ ఉప్మా నేతిలో చేసుకుని కడుపునిండా తినవచ్చు. వీటిలో ఏదీ తిండి కాదు. తిండి అంటే అన్నం. పొద్దున నాలుగు దోసెలు లాగించిన మనిషిని తిన్నవా అని అడగండి, ఇంకా లేదనే అంటాడు, అబద్ధమాడుతున్నానని అతనికి తోచదు. డాక్టరు మూడు పూటలా తినేముందు సూది వేయాలని చెప్పి పంపింది. శనివారం తినడం లేదు కదా. తినని రోజు తినేముందు అన్న సమయమే లేదు. అందుకని సూది లేదు. పడుకునేముందు ఇచ్చే సూది తిండితో సంబంధం లేనిది, అది ఇవ్వక తప్పదని సరిత అంటే, మంచి రోజున పిల్ల ఒంట్లోంచి నెత్తుటి చుక్క రావద్దని దాన్నీ ఆపించింది. లెక్క పక్కాగా ఉంది. తర్కశాస్త్రంలో దీనికి వంక పెట్టడం కష్టం.

మిగతా రోజుల్లో ఇంకో తర్కం నడిచింది. అన్నం షుగరు పెంచుతుందన్నారు కనుక అన్నం సగం చేసింది. కడుపు మాడ్చడానికి మనసొప్పదు కనుక ఆ సగం జాగాలో నెయ్యి, మీగడ, వేపుళ్ళు. అన్నం సగమైంది కనుక సూది మందు కూడా సగం. సూది మందు ఎంత తగ్గితే రోగం అంత తగ్గినట్టని ఇంట్లో అందరూ నమ్మారు. చుట్టాలు వస్తే, మొదలు ఇంత ఉండె, గిప్పుడు ఇంతే అని వేళ్ళతో చూపించి సంతోషపడేవాళ్ళు.

సరిత ఒక రోజు బట్టలు ఆరేస్తూ ప్రహరీ దగ్గరికి వచ్చింది. ఇట్లాగే సాగితే తన బిడ్డ మళ్ళీ స్పృహ తప్పుతుందని ఆమె భయం. దవాఖానలో నర్సు అన్నీ నేర్పింది, ఒక్కటీ చేయనివ్వడం లేదని చెప్పింది.

"మీరు మాట్లాడుండ్రి సార్. మీ మాటకు జవాబన్న ఇస్తది. నా మాటకు గది గూడ ఇయ్యది."

నేను ఉత్సాహంగా పోయాను. ఇంత మంచి అవకాశం నాస్తికుడికి రోజూ రాదు. ప్రేమగల దేవుడే ఉంటే తొమ్మిదేండ్ల పిల్ల ఉపవాసం కోరుకుంటాడా అని మొదలుపెట్టాను. ఆకలితో ఉన్న పిల్లను చూసి సంతోషించేవాడు దేవుడెట్లా అవుతాడన్నాను. అట్లాంటి మొక్కు ఆయనకు ఏ మాత్రం ఇష్టముండదన్నాను. వీధిలో జనం ఆగి వింటున్నారు కనుక గొంతు కూడా పెంచాను.

అవ్వ తమలపాకు ఈనె తీస్తూ విన్నది. "ఆయన లేడంటివి."

"లేడు."

"లేనాయనకు ఏది ఇష్టమో ఏది కాదో నీకెట్ల తెలిసె?"

వీధి నవ్వింది. గేటు దగ్గర నిలబడ్డ సరిత నవ్వలేదు. నేను దేవుడి మీద గెలవడానికి పోయాననీ, తన బిడ్డ సూది సంగతి నా ఉపన్యాసంలో ఎక్కడా రాలేదనీ ఆమెకు అప్పుడే అర్థమైనట్టుంది.

అట్లాగని అవ్వను మూఢురాలని కొట్టిపారేయడానికి లేదు. ఆ ఏడే కొడుకు ఎవరి మాటో విని, ఆదిలాబాద్ దిక్కునుంచి ఒక మందులాయనను కారులో తెచ్చాడు. మూడు వారాలు తన ముద్దలు మింగిస్తే సూది అవసరమే ఉండదన్నాడు ఆయన. నేను మా గేటు దగ్గర చేతులు నలుపుకుంటూ నిలబడ్డాను, నా వంతు ఎప్పుడొస్తుందా అని. రాలేదు. అవ్వ ఆయనను అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, నీ మందుతో బాగైన పిల్ల ఒకరిని తీసుకురా, ఆ పిల్ల నా ముందర కూర్చుని అన్నం తింటుంటే కండ్లతో చూస్త, అప్పుడు నీ ముద్ద మింగిస్త అన్నది. చాలామంది ఉన్నారు కానీ దూరం అన్నాడాయన. కారున్నది, నా కొడుకే తోలుకొస్తడు, ఊరు చెప్పు అన్నది. ఆయన మజ్జిగ తాగి, మళ్ళీ వస్తానని పోయాడు. నేను పదేండ్లు సభలు పెట్టి చేయలేని పని ఆమె ఒక గ్లాసు మజ్జిగతో చేసింది. అంత మనిషి శనివారం వచ్చేసరికి సూదిని పెట్టెలో పెట్టి మూత వేసేది.

శనివారం గడిచాక ఆదివారం పొద్దున అక్షిత కడుపు పట్టుకుని వాంతులు చేసుకునేది. దిష్టి తగిలిందని అవ్వ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోసేది. దిష్టికి వారాలు తెలుస్తాయా, ఆదివారమే ఎందుకు తగులుతుందని నేను రోడ్డు మీదనుంచి అడిగాను. ఆదివారం అందరు ఇంటికాడ ఉంటరు, చూసే కండ్లు ఎక్కువ అని జవాబొచ్చింది. ఒక ఆదివారం మాత్రం వాంతులు ఆగలేదు. పిల్ల ఊపిరి ఎగపోస్తుంటే కరీంనగర్‌కు పరుగెత్తారు. బతికి వచ్చింది. సూదులు సరిగ్గా వేస్తున్నారా అని డాక్టరు అడిగితే, ఒక్కటి గూడ తప్పలేదని కొడుకు నిజాయితీగానే చెప్పాడట. శనివారం తినని రోజు. తప్పడమన్న మాటే రాదు.

ఆ రక్తపరీక్షలో షుగరుతో పాటు ఇంకోటి బయటపడింది. నెత్తుర్లో కొవ్వు. ట్రైగ్లిజరైడ్లు, కొలెస్టరాల్, అన్నీ ఉండాల్సిన దానికంటే బాగా పైన. ఇట్లాగే ఉంటే ఈ పిల్లకు నడివయసు రాకముందే గుండె జబ్బు వస్తుందని డాక్టరు భయపెట్టింది. కొన్ని వారాల తర్వాత పరిగడుపున తీసుకురండి, మళ్ళీ చూద్దామన్నది.

ఆ కొన్ని వారాలు నాకు పండుగ. కొవ్వు అన్న మాట వినగానే నేను నెయ్యి మీద పడ్డాను. నీ గరిటెతోనే పిల్ల గుండెకు గండి కొడుతున్నావని ఆమె ముఖం మీదనే చెప్పాను. ఈసారి వీధి కూడా నా పక్షమే. కొడుకు, సరిత, కాంటా ఆయన, అందరూ నెయ్యినే చూశారు. అవ్వ మొదటిసారి ఒంటరిదయింది. రెండు రోజులు అరుగు మీదికి రాలేదు. మూడో రోజు వచ్చి నన్ను పిలిచింది.

"గీ ఇంట్ల అందరికన్న ఎక్కువ నెయ్యి తిన్నదెవరు?"

"నువ్వే."

"ఎన్నేండ్లసంది?"

"పుట్టినకాడినుంచి."

"అయితే నా నెత్తుర గూడ తీయమను. అదేం చెప్తదో చూద్దాం."

నేను ఒప్పుకున్నాను. శాస్త్రీయ దృక్పథం ఉన్న ఎవడైనా ఒప్పుకోవలసిందే. అంతేకాదు, ఆమె ఓటమిని దగ్గరుండి చూడాలని నేను కూడా కారెక్కాను.

ముందురోజు ఇంట్లో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. పరిగడుపున రమ్మన్నారని కొడుకు గుర్తుచేస్తే, చూసినవా, డాక్టరమ్మ గూడ ఒక్కపొద్దు ఉండుమన్నదని అవ్వ ఎంతో సంబరపడిందట. వైద్యశాస్త్రం తన దారికి వచ్చింది. డాక్టరు అడిగింది పొద్దున ఏమీ తినకుండా రమ్మని. అవ్వ పిల్లతో ముందురోజు పొద్దుటినుంచే ఒక్కపొద్దు ఉంచింది. ఒక్కపొద్దన్నాక సూది ఉండదు.

దవాఖానలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చేతులు చాపారు. రిపోర్టులు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. డాక్టరు చిన్న వయసు మనిషి, మాట మెత్తన. రెండు కాగితాలూ ముందర పెట్టుకుని చాలాసేపు చూసి, అవ్వ కాగితం ఎత్తి పట్టుకున్నది. అన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి. డెబ్బై ఏండ్లు దాటిన మనిషికి ఇంత మంచి నెత్తురు తాను ఎక్కువగా చూడలేదన్నది. అక్షితది మాత్రం మొదటిసారి కంటే ఇంకా పెరిగింది.

అవ్వ నా వైపు తిరిగింది. ఆ చూపు నేను మరిచిపోలేను. "ఇద్దరికి పోసింది ఒకటే నెయ్యి. పోసింది ఒకటే చెయ్యి. నాకు చెయ్యంది దానికెట్ల చేసిందో చెప్పు, లేడు సారూ."

ఆమె మాటలో తప్పు లేదు. నా సభల్లో నేను జనానికి నేర్పాలనుకున్నది సరిగ్గా ఇట్లా ఆలోచించడమే.

డాక్టరు మాత్రం పిల్లను అడిగింది, రాత్రి సూది ఎవరేశారమ్మా అని. అక్షిత అమాయకంగా చెప్పింది. "ఏసుకోలే ఆంటీ. మీరే ఒక్కపొద్దు ఉండుమన్నరంట గద. ఒక్కపొద్దు నాడు మాకు సూదికి సెలవు. శనివారం గూడ."

డాక్టరు కలం కింద పెట్టింది. కొడుకు కిటికీలోంచి బయటికి చూశాడు. సరిత తలవంచుకున్నది కానీ ఆమె భుజాలు అప్పుడే కొంచెం వదులైనట్టు నాకనిపించింది. తను చెప్పలేని మాట బిడ్డ చెప్పేసింది.

డాక్టరు కోప్పడలేదు. అవ్వ చెప్పింది నిజమేననీ, నెయ్యి ఒక్కటే దోషి కాదనీ ముందు ఒప్పుకున్నది. తర్వాత అడిగింది. "శనివారం నాడు మీ కడుపుల ఇన్సులిన్ తయారైతదా, బందైతదా అవ్వా?"

"నాకేం తెలుసు."

"అయితది. మీరు తిన్నా తినకున్నా, పండుకున్నా అయితనే ఉంటది. మీరు ఒక్కపొద్దున్నరు గాని, మీ కడుపు ఎన్నడూ ఉండలే. ఈ పిల్ల కడుపుల ఇన్సులిన్ లేదు. ఆమెకు సూదే కడుపు. మీకూ ఆమెకూ ఫరక్ అదొక్కటే."

ఇన్సులిన్ చక్కెర కోసమేననుకుంటారు, కాదన్నది. ఒంట్లో కొవ్వును దాని జాగాలో పెట్టి ఉంచేది కూడా అదేనని, అది లేని రోజు కొవ్వు కరిగి నెత్తురులోకి వచ్చి పడుతుందని, పోయే దారి కూడా మూసుకుపోతుందని చెప్పింది. నెయ్యి తగ్గించాలి, తప్పదు. కానీ ముందు సూది.

అవ్వ అడగాల్సింది అడిగింది. "నువ్వు చూసినవా?"

"మీరే చూడుండ్రి" అని డాక్టరు ల్యాబుకు ఫోన్ చేసి, ఆ పొద్దున తీసిన రెండు గొట్టాలూ తెప్పించింది. ఒకదానిలో ఎర్రనిది అడుగుకు దిగి, పైన నువ్వులనూనె రంగులో తేటగా ఉంది. రెండోదానిలో పైన తేట లేదు. బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా, మసకగా ఉంది. అవ్వ కళ్ళద్దాలు సవరించుకుని, రెండు గొట్టాలనూ వెలుతురుకు పెట్టి చూసింది. ఒకసారి ఇది, ఒకసారి అది.

"గిది దానిదా?" అన్నది. అంతే. నేను విన్న ఆమె ప్రశ్నల్లో వాదన లేని ప్రశ్న అదొక్కటే.

తిరుగు దారిలో కారు హుజూరాబాద్ దాటింది. పిల్ల సరిత ఒడిలో తల పెట్టి నిద్రపోయింది. అప్పుడు అవ్వ మొదలుపెట్టింది. "మొక్కిననాడు అది సోయిల లేకుండె. ఉంట అని అది అన్లే. నేనే అన్న. నా మాట నేను దాని మెడకు గట్టిన."

నాకు ప్రాణం లేచివచ్చింది. ఇంతకాలానికి ఇనుము కాగింది. ఆ మొక్కు మొత్తం భ్రమ అనీ, దాన్ని ఇక్కడే ఈ రోడ్డు మీదనే వదిలేయాలనీ, నీ శనివారాలు కూడా మానేయాలనీ, ఈ దేశం బాగుపడాలంటే అవ్వలు మొదలుపెట్టాలనీ ఊపందుకున్నాను. వెనక సీట్లోంచి సరిత గొంతు వినిపించింది.

"సార్, మీరు జర ఊకోండి."

ఊరుకున్నాను. అవ్వ తన ఆలోచన పూర్తిచేసుకున్నది. "మొక్కింది నేను, తీర్చేది నేను. నా శనివారం నాకున్నది. దానిది నేను గురువారం ఉంట. శనివారం దానికి అన్నం పెట్టు, సూది ఎయ్యి."

వారం మార్చే అధికారం నీకెవరిచ్చారని అడగాలని నాలుక దురద పెట్టింది. ధర్మశాస్త్రాల్లో ఎక్కడా లేదు. సరిత ముఖం చూసి ఆ ప్రశ్నను మింగాను. నేను మింగిన ప్రశ్నల్లో సమాజానికి పనికొచ్చింది బహుశా అదే.

ఆ శనివారం సరిత హాలు మధ్యలో కూర్చుని అందరి ముందరా బిడ్డకు సూది వేసింది. అవ్వ తలుపు దగ్గర నిలబడి చివరిదాకా చూసింది. ఇంకో సంస్కరణ కూడా చేసింది. ఉప్మా అయినా, అరటిపండయినా, నోట్లోకి పోయేదేదైనా తిండేనని, దాని ముందర సూది ఉండాలని ఇంట్లో ప్రకటించింది. అన్నం కానిది కూడా తిండేనని జమ్మికుంటలో ఒక పెద్దమనిషి ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. నేను దాని మీద ఒక వ్యాసం రాశాను కూడా. పిల్ల కంచంలో నెయ్యి ధార చెంచాకు తగ్గింది. మిగిలింది నా చేతి మీద పడింది.

ఆదివారం వాంతులు ఆగిపోయాయి. తర్వాతి పరీక్షకు కొవ్వు సగానికి దిగింది. ఆ తర్వాతి పరీక్షకు హద్దులోకి వచ్చింది. అవ్వ ఆ కాగితం పట్టుకుని రోడ్డు దాటి మా ఇంటికి వచ్చింది. ఆమె మా గడప తొక్కడం అదే మొదలు.

"చూసినవా? గురువారాలు నేనున్న, దాని కొవ్వు కరిగింది."

సూదివల్ల కరిగిందని నేను అరిచాను. సూది కూడా ఉంది, గురువారం కూడా ఉంది, ఏదో ఎట్ల చెప్తవ్ అన్నది. అయితే పరీక్ష పెడదామన్నాను. సూదులు అట్లాగే ఉండనీ, నీ గురువారాలు ఆరు నెలలు మానేయి, కొవ్వు పెరగకపోతే నేను చెప్పిందే నిజం. ప్రయోగమంటే ఇదీ అని భౌతికశాస్త్రం సారులాగే చెప్పాను. ఆమె కాసేపు నిజంగానే ఆలోచించింది.

"పెరిగితే?"

"పెరగదు."

"పెరిగితే ఎవరి పిల్లకు పెరుగుతది సారూ, నీ పిల్లకా?"

ప్రయోగం జరగలేదు. ఆ తర్వాత ఏడేండ్లు ఆమె వారానికి రెండు ఒక్కపొద్దులు ఉన్నది. ఎండుకుపోయింది. రెండింట్లో ఒకటి మానమని డాక్టరు చెప్పింది, కొడుకు చెప్పాడు, నేను రోజూ చెప్పాను. వినలేదు. వాదన మాత్రం ఒక్క సాయంత్రం కూడా తగ్గలేదు. పోవడానికి వారం ముందర కూడా ఒక టీవీ స్వామి గురించి నన్నూ స్వామినీ కలిపి దులిపేసింది. పోయింది నిద్రలోనే. ఆమె గుండె ఆఖరిదాకా బాగానే ఉండిందని, చూడటానికి వచ్చిన డాక్టరు చెప్పినప్పుడు, నేను తలుపు దగ్గర నిలబడి ఆ మాట వినాల్సి వచ్చింది.

ఆమె పోయాక గురువారాలు ఎవరూ ఉండటం లేదు. అంటే నేను అడిగిన ప్రయోగం నా ప్రమేయం లేకుండానే మొదలైంది. ఆరు నెలలు గడిచాయి. మొన్న అక్షిత కరీంనగర్‌నుంచి కొత్త రిపోర్టు తెచ్చుకున్నదని తెలిసి, మధ్యాహ్నం వాళ్ళింటికి పోయాను. ఇంటర్ చదువుతున్న పిల్ల. కంచం ముందర కూర్చుని ఇన్సులిన్ పెన్ను తీసి, అంకె తిప్పి, మాట్లాడుతూనే కడుపుకు పొడుచుకున్నది. కాగితం నా చేతికిచ్చింది. ట్రైగ్లిజరైడ్లు, కొలెస్టరాల్, అన్నీ హద్దులోనే. ఒక్క అంకె కూడా పెరగలేదు.

నేను ఆగలేకపోయాను. చూడు బిడ్డా, ఆరు నెలలనుంచి గురువారం లేదు, అయినా పెరగలేదు, సూదే కారణమని ఏడేండ్లనుంచి నేను చెబుతూనే ఉన్నాను అన్నాను.

"నాయనమ్మ ఉంటే ఏమంటుండెనో చెప్పాల్నా తాతా?"

"చెప్పు."

"పోయినకాడ గూడ ఉంటున్న, అందుకే పెరగలే అంటుండె."

అది రుజువుకు అందని మాట, రుజువుకు అందని మాటను కాదని చెప్పలేకపోవడం నా లోపం కాదు, ఆ మాట లోపం అని నేను మొదలుపెట్టాను. సరిత వంటింట్లోంచి అన్నం గిన్నె తెస్తూ గుమ్మంలో ఆగిపోయింది. అక్షిత కంచం ముందుకు జరుపుకుని నవ్వింది.

"నువ్వే గెలిచినవ్ తీ తాతా. సూది ఏసుకున్న, ఇగ నన్ను తిననియ్యి."